గేటు దగ్గర ఆగిన ఇంజను

శ్యామసుందరి పడిపోయిన రోజు మా ఇంటికి ముందు వచ్చింది అంబులెన్సు కాదు, ఫైరింజను. వచ్చింది, గేటు దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో తెలుసుకునేసరికి, ఈ దేశంలో జూన్‌లో మొదలయ్యే చలికాలం అయిపోయింది.

రెండు వేల సంవత్సరం, మే నెల, ఒక శనివారం పొద్దున. ఆమె సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. "బావా" అని ఒక్క మాట అంది. వెళ్ళి చూస్తే ముందుకి వాలిపోయి ఉంది. తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది. ఊపిరి లేదు.

ఇక్కడ ఆపదకి పిలిచే నంబరు, మూడు సున్నాలు నొక్కాను. పోలీసా, ఫైరా, అంబులెన్సా అని అడిగారు. అంబులెన్సు అన్నాను. ఆ మాట నేను స్పష్టంగా అన్నాను, దానికి సాక్ష్యం అక్కర్లేదు. చిరునామా చెప్పాను. భార్య పడిపోయింది, ఊపిరి లేదు అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఫోనులో ఉన్నామె కింద పడుకోబెట్టమంది, రొమ్ము మధ్యన రెండు చేతులూ పెట్టి నొక్కమంది, ఆపొద్దంది. తనే లెక్కపెడుతూ పోయింది. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నొక్కుతూ పోయాను.

సైరన్ వినబడింది. దగ్గరికి వచ్చింది. మా గేటు దగ్గర ఆగింది. పెద్ద బండి ఇంజను గుర్రుమంటూ అక్కడే ఉండిపోయింది. ఎవరూ రాలేదు. ఫోనులో ఉన్నామెకి చెప్పాను, బండి వచ్చింది, మనిషి రాలేదు అని. ఆమె నొక్కుతూనే ఉండమంది. కిటికీ దాకా వెళ్ళి చూద్దామంటే చెయ్యి తియ్యడానికి లేదు. అలా ఎంతసేపో నేను చెప్పలేను. ఆ తర్వాత మెట్ల మీద బూట్లు పరిగెత్తిన చప్పుడు. పసుపుపచ్చ ప్యాంట్లు వేసుకున్న నలుగురు లోపలికి వచ్చారు.

వాళ్ళ దగ్గర ఆక్సిజన్ సిలిండరుంది, గుండెకి కరెంటు పెట్టే పెట్టె ఉంది. ఒకడు జాకెట్టు కత్తిరించి అట్టలు అంటించాడు. పెట్టె మాట్లాడింది. అందర్నీ దూరంగా జరగమంది. తర్వాత అంబులెన్సు వాళ్ళొచ్చి గొంతులో గొట్టం దింపి, సూదులు గుచ్చి తీసుకెళ్ళారు. ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు వచ్చి సారీ అన్నాడు.

శ్యామ నా మేనమామ కూతురు. ఎం.సి.ఎ. చదివింది. నాది మా ఊరి హైస్కూల్లో పదో తరగతి. ఆమె చదువుకి వీసా వచ్చింది, ఆ వీసా వెనక నేను వచ్చాను. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఆ సంగతి నా ఎదుట అనలేదు గాని, అందరూ అనుకున్నారు. ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని ఆమెది. సంవత్సరం మారింది, ఏదీ ఆగిపోలేదు. కంపెనీ వాళ్ళు కేకు కోసి, మర్నాడే జూలైలో రాబోయే కొత్త పన్నుకి ప్రోగ్రాములన్నీ మార్చమన్నారు. ఛాతీలో మంటగా ఉంటే ఎసిడిటీ అని మాత్రలు మింగుతూ పని చేసింది. నేను ఊరి శివారు వెర్రిబీలో సాబిర్ అనే అతని సరుకుల కొట్లో బియ్యం బస్తాలు దించుతాను.

అంత్యక్రియలన్నీ రాధాకృష్ణ చూసుకున్నాడు. మా ఎదురు ఫ్లాటు వాళ్ళదే. తాడేపల్లిగూడెం మనిషి, బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం. భార్య భానుశ్రీ. శ్యామ ఉన్నన్నాళ్ళూ భానుశ్రీ మా వంటింట్లోనే ఉండేది. ఆ శనివారం తర్వాత మా గడప తొక్కలేదు. అంత్యక్రియలప్పుడు వెనక వరసలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని, అందరికంటే ముందే వెళ్ళిపోయింది. రాధాకృష్ణ మాత్రం రోజూ సాయంత్రం డబ్బాలో కూర తెచ్చి ఇచ్చేవాడు. వంకాయ, దొండకాయ, పప్పుచారు. తెచ్చి నిలబడేవాడు, కూర్చునేవాడు కాదు.

నేను ఫిర్యాదు చేస్తానన్నాను. గేటు దగ్గర ఆ బండి ఎందుకు నిలబడిందో చెప్పమని అడుగుతానన్నాను.

"వద్దన్నయ్యా" అన్నాడు రాధాకృష్ణ. "వాళ్ళు ట్రై చేశారు కదా. సిస్టమ్ అలా ఉంది ఇక్కడ. ఇప్పుడు కంప్లైంట్ చేస్తే వదిన వెనక్కొస్తుందా."

"రాదు. నాకు తెలియాలి."

"తెలిసి ఏం చేస్తారు."

"ముందు తెలియనీ."

నేను వినేలా లేనని చూసి, ఆ పనంతా తనే నెత్తినేసుకున్నాడు. ఫిర్యాదు తనే ఇంగ్లీషులో పెట్టాడు. ఫోను నంబరు దగ్గర నాది కాక తనది ఇచ్చాడు. నాకు ఇంగ్లీషు కష్టమని అలా చేశానన్నాడు. అప్పటికి ఊరుకున్నాను గాని, మనసులో పెట్టుకున్నాను.

జూన్‌లో మమ్మల్ని ఫైర్ స్టేషనుకి పిలిచారు. ఆ రోజు వచ్చిన నలుగురికీ పెద్ద బ్రయన్ అనేవాడు. పొడుగ్గా, ఎర్రగా, మీసాలు నెరిసి ఉన్నాడు. మాకు టీ ఇచ్చి, బండి తలుపు తీసి ఆక్సిజన్ సిలిండరు, కరెంటు పెట్టె చూపించాడు. ఊరంతా కలిపి అంబులెన్సులు తక్కువట, ఫైర్ స్టేషన్లు ఎక్కువట. గుండె ఆగిపోయిందని ఫోనొస్తే కంట్రోలు రూము రెండు బళ్ళనీ ఒకేసారి పంపుతుందట. ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు వెళ్ళి గుండె నొక్కుతుండాలి, అంబులెన్సు వాళ్ళొచ్చి మందులిస్తారు. ఈ పద్ధతి కొత్తగా పెట్టారట. రాధాకృష్ణ ఇదంతా బాగానే తెలుగులో చెప్పాడు.

మంటలార్పేవాళ్ళకి గుండె సంగతి ఏం తెలుసని అడగమన్నాను. బ్రయన్ కోపం తెచ్చుకోలేదు. నేర్పిస్తారు, పరీక్ష పెడతారు అన్నాడు.

"గేటు దగ్గర ఎందుకు ఆగావని అడుగు" అన్నాను.

రాధాకృష్ణ అడిగాడు. బ్రయన్ టీ కప్పు కింద పెట్టి చాలాసేపు మాట్లాడాడు. చేత్తో గేటు చూపించినట్టు చూపించాడు. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి దణ్ణం పెట్టినట్టు పెట్టాడు. లేడీ అన్నాడు. చివర రాధాకృష్ణని ఏదో ప్రశ్న అడిగాడు. రాధాకృష్ణ తల వంచుకుని రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. బ్రయన్ నా వంక చూసి, కళ్ళు దించుకున్నాడు.

"ఏమన్నాడు."

"అడ్రస్ కన్‌ఫ్యూజన్ అన్నయ్యా. మన బ్లాకుకి రెండు ఎంట్రన్సులు కదా. ఎటు వెళ్ళాలో చూసుకుంటున్నారట."

"అంత మాట్లాడితే ఇంతేనా."

"మిగతాదంతా సారీ చెప్పడమే."

"లేడీ అన్నాడు."

"వదిన గురించే. మీ లేడీకి అలా అయినందుకు అని."

"దణ్ణం ఎందుకు పెట్టాడు."

"మన పద్ధతిలో సంతాపం చెప్పాడు. మర్యాద తెలిసినవాడు."

అతని చెవి కొసలు ఎర్రబడ్డాయి. రాధాకృష్ణ తెల్లటి మనిషి, దాచుకోలేడు.

ఇంటికొచ్చి బ్లాకు చుట్టూ తిరిగాను. రెండు దారులున్న మాట నిజం. కానీ ఇంజను ఆగిన దారి మా మెట్ల దారే. ఆ గేటులోంచి చూస్తే మా తలుపు మీది అంకె కనబడుతుంది. అడ్రసు తెలియక ఆగాల్సిన పని లేదు. అంటే ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధం చెప్పారు. అప్పట్లో నేను బ్రయనే అనుకున్నాను. తెల్లవాడు తన తప్పుని మా గేట్ల మీదికి నెట్టాడనుకున్నాను. రాధాకృష్ణ మొహమాటానికి వాడికి వంతపాడాడనుకున్నాను. అతని మీద నా అనుమానం అప్పటికి అంతవరకే వెళ్ళింది.

ఆగస్టు చివర్లో రాధాకృష్ణ డబ్బా పట్టుకుని నవ్వు మొహంతో వచ్చాడు.

"అన్నయ్యా, గుడ్ న్యూస్. రివ్యూ డేట్ ఇచ్చారు. వచ్చే గురువారం. ఆ బ్రయన్‌ని మెడికల్ డ్యూటీస్ నుంచి తీసేస్తారట. స్టేషన్ ఇన్‌ఛార్జి పదవి కూడా పోవచ్చు. మనం వెళ్ళక్కర్లేదు, మన కంప్లైంట్ మీద స్టాండ్ అవుతున్నామని ఫోన్లో చెప్పేస్తే చాలు. నేను చెప్పేస్తాను."

"నేను వెళ్తాను."

"ఎందుకన్నయ్యా. మీరడిగింది అదే కదా, ఎవడో ఒకడు ఆన్సర్ చెప్పాలని."

"ఎవడో ఒకడు అని నేను అనలేదు."

అతని నవ్వు పోయింది. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. దాన్ని నేను ముట్టుకోలేదు. ఫిర్యాదే వద్దన్నవాడు, ఇప్పుడు తెల్లవాడికి శిక్ష పడుతుందంటే పండగ చేసుకుంటున్నాడు. వద్దన్నప్పుడు ఉన్న భయం ఇప్పుడు లేదు. ఎందుకు పోయింది ఆ భయం.

మర్నాడు కొట్లో బస్తాలు దించుతూ సాబిర్‌తో అన్నాను. సాబిర్‌ది గుంటూరు. చిన్నప్పుడే వచ్చి టాక్సీ తోలి, వెర్రిబీలో కొట్టు పెట్టాడు. ఇంగ్లీషు ఇక్కడివాళ్ళలాగే మాట్లాడతాడు. అంతా విని చేతిలో పెన్ను కౌంటరు మీద పడేశాడు.

"అన్నా, నీకు బుర్ర పనిచేస్తందా. ఇంగ్లీషు రానోళ్ళకి గవర్నమెంటే మనిషిని పెడతది, తెలుగు చెప్పేవాళ్ళని. పైసా తీసుకోరు. నీకు చెప్పలా ఆయన?"

"చెప్పలేదు."

"అక్కర్లేదని నీ తరఫున చెప్పేసి ఉంటాడు. ఆయన నంబరిచ్చాడు, ఆయనే అడిగాడు, ఆయనే జవాబు తెచ్చాడు. మధ్యలో నువ్వెందుకు, కూరలు తినడానికా."

"ఎందుకు చేస్తాడలా."

"నన్నడుగుతావేంది. పద, ఆ తెల్లోణ్ణే అడుగుదాం. వ్యానెక్కు."

మధ్యాహ్నం కొట్టు భార్య లతీఫాకి అప్పజెప్పి నన్ను స్టేషనుకి తీసుకెళ్ళాడు. బ్రయన్ గొట్టాలు కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు. రివ్యూకి ముందు నాతో మాట్లాడకూడదేమో అన్నాడు. మాట్లాడకపోతే ఇతను ఇక్కణ్ణుంచి కదలడని సాబిర్ చెప్పాడు. బ్రయన్ గట్టు మీద కూర్చున్నాడు.

ఈసారి అతను ఎంత మాట్లాడితే సాబిర్ అంత చెప్పాడు. మధ్యలో ఆపి, మళ్ళీ అడిగి, చెప్పాడు.

ఆ రోజు ఇంజను గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. మన మనిషే. చేతులు జోడించి, నవ్వుతూ, బండి తలుపు దగ్గరే నిలబడింది. సారీ సర్, ఓన్లీ కుకింగ్, నో ప్రాబ్లమ్, ఎవ్రీబడీ ఓకే అంది. కేసు వంట సంగతి కాదని బ్రయన్‌కి తెలుసు. మాది నాలుగో నంబరు. ఆ ఫ్లాటేనా అని అడిగాడు. అవునవును, నాలుగులో కూడా నో ప్రాబ్లమ్ అంది. పడిపోయిన మనిషి లేచి కూర్చుందేమో, కబురు ఆమె చేత పంపారేమో అనుకున్నాడు. తన వాళ్ళని బండి దగ్గరే ఆపి, కంట్రోలు రూముని వైర్‌లెస్‌లో అడిగాడు. ఫోను చేసిన మనిషి ఇంకా లైనులోనే ఉన్నాడు, ఊపిరి లేదంటున్నాడు, వెళ్ళండి అని జవాబొచ్చేసరికి కొంతసేపు పోయింది. అప్పుడు పరిగెత్తారు.

"ఆమె ఎవరని అడిగావా" అన్నాను.

సాబిర్ అడిగి, జవాబు విన్నాడు. నా మొహం చూశాడు.

"జూన్లో అడిగాడంట అన్నా. ఆ లేడీ ఎవరు అని రాధాకృష్ణనే అడిగాడంట. మీ ఇంటి మనిషే, దగ్గర బంధువు, చాలా బాధలో ఉంది, ఆ మాట ఎత్తొద్దు అన్నాడంట ఆయన. నీకన్నీ తెలుసనుకున్నాడు ఈయన. మీ కుటుంబంలో మనిషి మీద నెట్టడం బాగోదని రిపోర్టులో కూడా ఎక్కువ పొడిగించలేదంట."

బ్రయన్ ఇంకో మాట అన్నాడు.

"ఆమెని దాటుకుని లోపలికి పోవాల్సింది, అది నా తప్పే అంటున్నాడు."

"ఆమె చీరా, ప్యాంటా."

"పచ్చ నైటీ, పైన స్వెట్టరంట."

మా బ్లాకులో పచ్చ నైటీ మీద స్వెట్టరేసుకుని తిరిగేది ఎవరో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

బయటివాళ్ళకి ఇది పిచ్చిగా ఉంటుంది. ఇంజనుకి ఎదురెళ్ళి ఏమీ లేదని చెప్పడమేమిటని. మా బ్లాకులో అది అలవాటు. వరండా కప్పుకి పొగ కనిపెట్టే గంటలుంటాయి. అవి మోగితే స్టేషనులోనే తెలిసిపోయి ఇంజను వచ్చేస్తుంది. మేం పోపు పెట్టినా మోగేవి, సాంబ్రాణి వేసినా మోగేవి. ఫిబ్రవరిలో భానుశ్రీ పచ్చడికి మంట మీద వంకాయలు కాల్చింది. ఇంజను వచ్చింది, బ్లాకు మొత్తం రోడ్డు మీద నిలబడింది. ఇంటి ఏజెంటు వచ్చి, ఇంకోసారి ఇలా అయితే ఇల్లు ఖాళీ చేయాలన్నాడు. అప్పట్నుంచీ బ్లాకులో ఉన్న మూడు తెలుగు కుటుంబాలూ ఒక ఏర్పాటు చేసుకున్నాయి. గంట మోగితే ఒకరు కిటికీలు తీసి తువ్వాలు విసరాలి, ఒకరు గేటు దగ్గరికి పరిగెత్తి ఇంజను వాళ్ళని నవ్వుతూ తిప్పి పంపాలి. అది మాకు ఒక ఆటలా ఉండేది.

మర్నాడు పనికి వెళ్ళలేదు. పదకొండు దాటాక భానుశ్రీ బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వస్తుంది. వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూసి దుప్పటి చాటుకి జరిగింది.

"అమ్మాయ్, ఇటు రా."

"పొయ్యి మీద పాలున్నాయన్నయ్యగారూ."

"పొంగనీ. పొంగితే ఇంజనొస్తుంది. నువ్వు పంపించెయ్యగలవుగా."

చేతిలో క్లిప్పులు కింద పడ్డాయి. ఏరుకోలేదు.

"మీకెవరు చెప్పారు."

"మీ ఆయన చెప్పలేదు. అది చాలు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది.

"సైరన్ విని బాల్కనీలోకొచ్చా. ఇంజను మన గేటు దగ్గరికే వస్తోంది. నేనప్పుడే పోపు పెట్టా. నా పొయ్యి వల్లే అనుకున్నా. గంట మోగలేదు కదా అని కూడా తోచలా. ఏజెంటు ఇల్లు ఖాళీ చేయమంటాడని భయం. ఆయనకి తెలిస్తే తిడతారని భయం. పరిగెత్తుకెళ్ళా."

"నాలుగో నంబరా అని అడిగాడు నిన్ను."

"అడిగాడు. నాకు సగమే అర్థమైంది. అన్ని ఇళ్ళల్లో ఏమీ లేదని చెబితే వెళ్ళిపోతాడనుకున్నా. మీ ఇంట్లో అక్క..." ఆగిపోయింది. "నాకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే అన్నయ్యగారూ. ఆ మాటలు అక్కే నేర్పింది. వంకాయల గొడవ తర్వాత సోఫాలో కూర్చోబెట్టి చేతులు ఎలా జోడించాలో, ఎక్కడ నవ్వాలో, అన్నీ నేర్పింది. నేను తప్పు పలికితే ఎంత నవ్విందో."

నాకు గుర్తుంది. వంటింట్లోంచి నేనూ విన్నాను.

"మూడు నెలలు నా ఎదురింట్లో ఉన్నావు. చెప్పడానికి నోరు లేదా."

"మర్నాడే చెబుదామన్నా. ఆయన వద్దన్నారు. చెబితే మొత్తం తెలుగువాళ్ళలో తల ఎత్తుకోలేం, శ్యామసుందరిని చంపినావిడ అంటారు అన్నారు. కూరలు నేనే వండి పంపా. అవైనా తింటారని."

"తిన్నాను. ఇప్పుడు కక్కలేను."

"గురువారం నేనొచ్చి చెబుతా."

"నువ్వు రావద్దు. ఆయన్ని పంపు. ఇంగ్లీషు చెప్పడానికి ఆయనే రావాలి, ఇంకెవరూ వద్దు. నేనన్నానని చెప్పు."

గురువారం పొద్దున రివ్యూ. ఊరి మధ్యలో పెద్ద ఆఫీసు, ఏడో అంతస్తు. నేను సాబిర్ వ్యానులో వెళ్ళాను. రాధాకృష్ణ అప్పటికే వరండాలో ఉన్నాడు, టై కట్టుకుని. నన్ను పక్కకి పిలిచాడు. సాబిర్ కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"సాబిర్ గారూ, ఇది మా ఇంటి విషయం."

"తెలుసు సర్. మీ ఇంట్లో విషయం ఎట్టా బయటికొస్తదో చూద్దామని వచ్చా."

రాధాకృష్ణ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను.

"అన్నయ్యా, ఒక్క మాట వినండి. భాను నిద్రపోవట్లేదు. నేను చేసింది రైట్ అనను. కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించండి. ఆ బ్రయన్‌కి యూనియన్ ఉంది. వాడి ఉద్యోగం పోదు, జీతం పోదు. మెడికల్ కాల్స్‌కి వెళ్ళడు, అంతే. మహా అయితే ఇంకో స్టేషను. మనకి ఎవరున్నారు. ఇక్కడ మన పేరొక్కటే మన ఆస్తి."

"నీ పేరు."

"సరే, నా పేరు. వాడు కూడా తప్పు ఒప్పుకున్నాడు కదా. వాడు ఆగకుండా ఉండాల్సింది. అదే కదా నిజం."

"అది సగం. మిగతా సగం నువ్వు ఇంగ్లీషులో చెబుతావు."

"మీరు చెప్పండి, సాబిర్ గారు చెబుతారు. నన్ను వదిలెయ్యండి."

"జూన్లో నా నోరు నువ్వు తీసుకున్నావు. ఇవాళ కూడా నువ్వే."

లోపల బల్లకి అటు ఒక పెద్దాఫీసరు, నెరిసిన జుట్టు ఆమె. పక్కన ఒక డాక్టరు. బ్రయన్ గోడవార కుర్చీలో, యూనిఫారంలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. రాధాకృష్ణ నా ఎడమ పక్కన, సాబిర్ అతని వెనక. సాబిర్ ఎవరని ఆమె అడిగింది. స్నేహితుణ్ణని, తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చని, ఊరికే వింటానని చెప్పాడు. ఆ మాట విన్నాక రాధాకృష్ణ మెడ నిటారుగా అయింది.

ఫిర్యాదు మీద నేను ఇంకా నిలబడుతున్నానా అని ఆమె అడిగింది.

నిలబడుతున్నాను, కానీ అందులో తప్పుంది, సరిచేస్తాను అన్నాను. రాధాకృష్ణ చెప్పాడు.

నేను ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఒక ముక్క చెప్పడం, ఆగడం. ఇంజను గేటు దగ్గర అడ్రసు తెలియక ఆగలేదు. చెప్పాడు. ఒకామె ఎదురొచ్చి అందరూ బాగున్నారంది. చెప్పాడు. అతని గొంతు మామూలుగానే ఉంది, బ్యాంకులో మీటింగులో మాట్లాడినట్టు. ఆమె మా బంధువు కాదు. పెద్దాఫీసరు తలెత్తింది. గోడవార బ్రయన్ టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టాడు.

"ఆమె పేరు భానుశ్రీ" అన్నాను. "మా ఎదురు ఫ్లాటు. ఇప్పుడు నా మాటలు మీకు చెబుతున్న ఈ మనిషి భార్య. ఆ సంగతి ఇతనికి ఆ రోజు నుంచీ తెలుసు. అయినా మీ మనిషికీ అబద్ధం చెప్పాడు, నాకూ అబద్ధం చెప్పాడు."

రాధాకృష్ణ ముందున్న నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. అది పట్టుకుని బల్ల వంక చూస్తున్నాడు. ఏమన్నారు అని పెద్దాఫీసరు అడిగింది. సాబిర్ కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది. నేను ఆగాను. నాకు తొందర లేదు. అతను ఏ మాట చెబుతాడో నాకు నిజంగా తెలియదు. ఆ గదిలో ఎవరి మీదా నాకు నమ్మకం లేదు, అతని మీద అసలే లేదు.

చివరికి చెప్పాడు. ఇంగ్లీషులోనే, నెమ్మదిగా. మై వైఫ్ అన్నాడు. ఆ రెండు మాటలు నాకు తెలుసు. తర్వాతవి కూడా చెప్పాడు, నేనన్న వరసలోనే. వెనక్కి తిరిగి సాబిర్‌ని చూశాను. సరిగ్గానే చెప్పాడన్నట్టు తలూపాడు.

అయితే ఇప్పుడు బ్రయన్ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని ఆమె అడిగింది.

"తీసుకోను" అన్నాను. "లోపల మనిషి చచ్చిపోతోందని ఫోనులో ఒకడు ఏడుస్తున్నాడు. బయట ఒకామె నవ్వుతూ ఏమీ లేదంటోంది. ఇతను నవ్వే మనిషిని నమ్మాడు. అంతవరకు ఇతనిది. దానికి మించి ఇతని మీద వెయ్యకండి. మిగతాది వేరేవాళ్ళది."

రాధాకృష్ణ అదీ చెప్పాడు. అప్పటికి అతని టై ముడి వదులైపోయింది.

ఆ కాసేపు పోకుండా ఉంటే ఆమె బతికేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమన్నాడు. బతికే అవకాశం కొంత పెరిగేది, అంతకంటే చెప్పడం నిజాయితీ కాదన్నాడు. ఇంకా ఏదో ఓదార్పు మొదలుపెట్టబోతే చాలన్నాను.

బ్రయన్‌ని తియ్యలేదు. హెచ్చరిక ఇచ్చి ఆ పనిలోనే ఉంచారు. ఇకనుంచి గుండె కేసుకి వెళ్ళినవాళ్ళు, దారిలో ఎవరేం చెప్పినా, ముందు రోగిని కళ్ళతో చూడాలని అన్ని స్టేషన్లకీ చెబుతామన్నారు. భానుశ్రీని వాళ్ళేమీ చెయ్యలేరట. చెయ్యమని నేనూ అడగలేదు.

వరండాలో బ్రయన్ వచ్చి చెయ్యి చాపాడు. పెద్ద చెయ్యి, మణికట్టు దగ్గర కాలిన మచ్చ. ఆ రోజు శ్యామ రొమ్ము మీద నా చేతులు తీసి తన చేతులు పెట్టినవాడు అతనే. కాసేపు చూశాను. పట్టుకోలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని తలూపి వెళ్ళిపోయాడు.

లిఫ్టు దగ్గర రాధాకృష్ణ నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, చెప్పేశాను కదా. అన్నీ చెప్పేశాను. ఇంటికెళ్దాం రండి. భాను వండి ఉంచుతానంది."

"మీ కారూ వద్దు, మీ వంటా వద్దు."

"మరి ఇంకేం చెయ్యమంటారు నన్ను."

మెట్లు దిగాను. సాబిర్ నా వెనకే దిగాడు.

వ్యాను స్టార్ట్ చేసి అడిగాడు.

"ఆ ఇల్లు వదిలెయ్యన్నా. కొట్టు పైన గది ఖాళీగానే ఉంది. తలుపు తీస్తే వాళ్ళ మొహాలే కదా నీకు."

"వదలను."

"ఎందుకు, రోజూ వాళ్ళని చూస్తా కూర్చుంటావా."

"నేను చూడ్డానికి కాదు" అన్నాను. "నేను వాళ్ళకి కనబడ్డానికి."